దానికి ఆకాశం కనపడాలి

నేను రిటైరవడానికి ముందు సంవత్సరం, ఫిబ్రవరి మొదటి వారంలో, మా సంస్థ నన్ను చిలకలూరిపేటకూ అద్దంకికీ మధ్యనున్న ఒక చిన్న ఫ్లయింగ్ క్లబ్బుకు పంపింది. క్లబ్బుకున్న ఒకే ఒక్క విమానంలో పాత ట్రాన్స్‌పాండరు తీసేసి కొత్తది బిగించాలి, పరీక్షించాలి, సంతకం పెట్టి తిరిగి రావాలి. నాలుగు సీట్ల చిన్న విమానం. మిరప కోతల కాలం. మా మేనేజరు ఆర్డరు చేతికిస్తూ, సొంత జిల్లాకే కదా పంపుతున్నాను, ఇక టీయే బిల్లు మీద లాడ్జీ ఖర్చు ఎందుకని వేళాకోళం చేశాడు. మా ఊరు ఒంగోలు. అక్కడి నుంచి రోజూ వచ్చి పోవచ్చని ఆయన ఉద్దేశం. ఎండలో టెస్ట్ సెట్టు మోసుకుని రోజూ బస్సెక్కేవాడికి తెలుస్తుంది ఆ సుఖం. పేటలోనే లాడ్జీ తీసుకున్నాను.

నా హోదా సంగతి చెప్పాలి. నేను లైసెన్సున్న ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజనీర్ని, ఏవియానిక్స్ విభాగం. ఇంజను, రెక్కలు, చక్రాలు చూసే ఇంజనీర్లు వేరు. వైర్లు, రేడియోలు, కాక్‌పిట్‌లో తెరలు చూసేవాళ్ళం వేరు. వాళ్ళు మమ్మల్ని కరెంటోళ్ళంటారు, మేము వాళ్ళని గ్రీజోళ్ళంటాం. ఇద్దరిలో ఎవరు పని చేసినా చివర్లో విడుదల పత్రం మీద సంతకం పెట్టాలి. ఈ విమానం ఎగరడానికి యోగ్యంగా ఉందని నా లైసెన్సు నంబరుతో సహా రాసివ్వడమే ఆ సంతకం. అది పడనిదే, పరీక్షకు తప్ప, విమానం కదలదు. పడిన తర్వాత ఏం జరిగినా ముందు అడిగేది నన్నే.

ట్రాన్స్‌పాండరంటే ఏమిటని చాలామంది అడుగుతారు. కింద రాడారు ప్రశ్న వేస్తే విమానంలోంచి జవాబు చెప్పే పెట్టె అది. పాత పెట్టె బళ్ళో హాజరు పలికే పిల్లవాడి లాంటిది. పేరు పిలిస్తేనే పలుకుతుంది, తన నంబరూ ఎత్తూ చెప్పి ఊరుకుంటుంది. కొత్త పెట్టె ఉప్పు బండివాడి లాంటిది. ఎవరూ పిలవకపోయినా వీధి పొడుగునా కేక వేసుకుంటూ పోతుంది. నేను ఫలానా విమానాన్ని, ఇదిగో ఇక్కడున్నాను, ఇంత ఎత్తులో ఇటు పోతున్నాను అని క్షణక్షణం ప్రసారం చేస్తుంది. కింద టవరుకూ వినిపిస్తుంది, చుట్టుపక్కల ఎగిరే విమానాలకూ వినిపిస్తుంది. తానెక్కడుందో దానికి తెలియాలి కాబట్టి ఉపగ్రహాల సంకేతం అందుకునే ఒక జీపీఎస్ యాంటెన్నాను విమానం పైకప్పు మీద బిగిస్తాం. అరచేతిలో పట్టేంత తెల్లటి బిళ్ళ, మధ్యలో కాస్త ఉబ్బు. చూడ్డానికి ఏమీ ఉండదు గాని, పెట్టె మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ ప్రసార పరికరం లేని విమానాలను టవరున్న విమానాశ్రయాల్లోకి రానివ్వబోమని నియమం వచ్చింది. క్లబ్బు విమానం అప్పటికే షెడ్డుకు పరిమితమైంది. అందరికన్నా ఎక్కువ చిక్కులో పడింది సువార్త అనే ట్రైనీ. చీరాల అమ్మాయి, తల్లి మిషన్ స్కూల్లో టీచరు. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు కావలసిన పరీక్షలన్నీ రాసి పాసైంది, ఎగరవలసిన గంటలు దాదాపు పూర్తి చేసింది. మిగిలింది ఒంటరిగా చేయవలసిన ఒక దూరప్రయాణం. అందులో టవరున్న విమానాశ్రయంలో దిగి తిరిగి రావాలి. ఆమెకు అనుకున్నది గన్నవరం. రాత పరీక్షల చెల్లుబాటు ఆ నెలాఖరుతో ముగుస్తుంది. ఈలోపు ప్రయాణం పూర్తి కాకపోతే పేపర్లన్నీ మళ్ళీ మొదటి నుంచి రాయాలి. అంతకుముందు సంవత్సరమే ఇంజను మరమ్మతు పేరుతో ఆమెకు చాలా నెలలు పోయాయట. ఇంకో క్లబ్బుకు పోదామంటే అన్నిచోట్లా క్యూలున్నాయి. నేను బ్యాగు దించగానే ఆమె అడిగిన మొదటి మాట నాకింకా గుర్తుంది.

"సార్, నెలాఖరులోపు అవుతుందా? కాదంటే ఇప్పుడే చెప్పండి. మా అమ్మకు నేను ముందే చెప్పుకుంటాను."

అవుతుందన్నాను. నాలుగు సీట్ల విమానంలో ట్రాన్స్‌పాండరు మార్చడం నాకు కొత్త కాదు. ఆ మాట అన్నప్పుడు నాకు రవ్వంత అనుమానం కూడా లేదు.

క్లబ్బు యజమాని వెంకటేశ్వర్లు గారు కోల్డ్ స్టోరేజీలున్న పెద్దమనిషి. ఆయనకు రెండు పిచ్చులు: విమానాలు, ఒంగోలు ఎడ్లు. ఆయన జత బండలాగుడు పందాల్లో చుట్టుపక్కల పేరు మోసింది. ఎడ్ల కొట్టమూ విమానం షెడ్డూ ఒకే ప్రహరీలో ఉంటాయి. రన్‌వే అంచు దాటితే మిరప కల్లాలే. ఎటు చూసినా ఎర్రగా ఆరబోసిన కాయలు. గాలి ఇటు తిరిగిందంటే ఇన్‌స్ట్రక్టరు నుంచి వాచ్‌మన్ దాకా అందరం తుమ్మేవాళ్ళం. ఒకసారి రేడియో పరీక్ష చేస్తూ గన్నవరం టవరుకు నేను మాటకు బదులు తుమ్మే పంపించాను. అవతలి కంట్రోలరు ఎంతో మర్యాదగా, మళ్ళీ చెప్పండి అన్నాడు.

ఎడ్లను చూసుకునే కోటయ్యే విమానాన్నీ చూసుకునేవాడు. షెడ్డు ఊడ్వడం, విమానాన్ని తుడవడం, బయటికి లాగడం, రన్‌వే మీదకొచ్చిన కుక్కల్ని తరమడం ఆయన పని. యాభై దాటిన మనిషి, తలపాగా విప్పేవాడు కాదు. విమానాన్ని ఆయన బండి అనేవాడు. బండి ముఖం తుడిచాను, బండికి దాహమేసింది లాంటి మాటలు ఆయన నోట మామూలు. పెట్రోలు పోయాలని ఆ రెండో మాటకు అర్థం.

పని సాఫీగా మొదలైంది. పాత పెట్టె బయటికి తీశాను. దాని వెనక ఏళ్ళ తరబడి పేరుకున్న దూది నుసి చూసి, ఇది విమానమా జిన్నింగు మిల్లా అని ఇన్‌స్ట్రక్టరును ఏడిపించాను. కొత్త పెట్టెకు కేబుళ్ళు లాగాను. ప్రతి విమానానికీ ప్రపంచంలో మరి దేనికీ లేని ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాన్ని పెట్టెలోకి ఎక్కించి, ఇన్‌స్ట్రక్టరు చేత చదివించి, రిజిస్ట్రేషన్ పత్రంతో సరిచూసుకున్నాను. ఈ పని ఒక్కరే చేయకూడదన్నది మా పద్ధతి. చివరగా నిచ్చెనేసుకుని పైకప్పు మీద జీపీఎస్ యాంటెన్నా బిగించి, చుట్టూ నీళ్ళు దిగకుండా సీలెంటు పట్టించాను. దానికి కాస్త ముందు పాత రేడియో యాంటెన్నాలు రెండు, సన్నటి కడ్డీల్లా వెనక్కి వాలి ఉన్నాయి. వెండి రంగులో మెరుస్తున్నాయి. అవి మొదటినుంచీ అలాగే వచ్చాయనుకున్నాను.

సాయంత్రం విమానాన్ని బయటికి లాగించి, ఎదురుగా టెస్ట్ సెట్టు పెట్టి పరీక్షించాను. గుర్తింపు వచ్చింది, ఎత్తు వచ్చింది, స్థానం వచ్చింది. ఉపగ్రహాల సంకేతాలు చూపే పేజీలో గీతలన్నీ నిండుగా నిలబడ్డాయి. సువార్త నా భుజం మీదుగా తొంగి చూస్తూ ఒక్కో అంకె చదివి సంబరపడింది. మర్నాడు పొద్దున ఇన్‌స్ట్రక్టరు ఒక పరీక్షా ప్రయాణం చేసి వస్తే, టవరువాళ్ళు అంతా సరిగా అందిందని చెబితే, నేను సంతకం పెట్టేయొచ్చు. వెంకటేశ్వర్లు గారు, కొత్త సామాను పడింది కాబట్టి పొద్దున పూజ చేయిద్దామన్నారు. చేయించుకోండి, యాంటెన్నాల జోలికి మాత్రం ఎవరూ వెళ్ళకండి అని ఇన్‌స్ట్రక్టరుకూ ఆయనకూ చెప్పి లాడ్జీకి వెళ్ళిపోయాను.

పొద్దున నేను వచ్చేసరికి పూజ అయిపోయింది. విమానం ముక్కుకు పసుపూ కుంకుమా, మెడలో బంతిపూల దండ. ముందు చక్రం కింద నిమ్మకాయ నలిగి ఉంది. దండ తీయించి ఇన్‌స్ట్రక్టరును ఎక్కించాను. నేల మీద ఉన్నంతసేపు అన్నీ సరిగానే కనిపించాయి. పైకి లేచి, చీరాల వైపు తిరిగి కాసేపయ్యాక గన్నవరం నుంచి కబురొచ్చింది. మీ గుర్తింపు అందుతోంది, ఎత్తు అందుతోంది, మీరెక్కడున్నారో మాత్రం అందడం లేదన్నారు. పెళ్ళికి రమ్మని ఊరంతా పిలిచి కల్యాణమండపం ఎక్కడో చెప్పనట్టుంది మా వ్యవహారం. విమానం తిరిగొచ్చి దిగాక మళ్ళీ స్థానం వచ్చింది, మళ్ళీ పోయింది.

వచ్చి పోయే లోపం కన్నా పూర్తిగా చచ్చిన పరికరం నయం. అది ఎక్కడ చచ్చిందో కనుక్కోవచ్చు. వచ్చిపోయేది మనం చూసేటప్పుడు బుద్ధిగా ఉండి, వెనక్కి తిరగ్గానే వెక్కిరిస్తుంది. మా పాఠం ప్రకారం ముందు కనెక్టర్లను అనుమానించాలి. అన్నీ విప్పి, చూసి, మళ్ళీ బిగించాను. కేబులు మొదటి నుంచి చివరిదాకా కొలిచాను. పెట్టె లోపలి సెట్టింగులు ఒక్కొక్కటే తిరగేశాను. సీటు కింద పడుకుని పని చేస్తుంటే కల్లం వైపు గాలి కొట్టింది. తుమ్మినప్పుడల్లా నుదురు సీటు పట్టాకు తగిలేది. చెడ్డ కోపం వచ్చింది గాని, కోప్పడ్డానికి అక్కడ ఎవరూ లేరు.

ఆ రోజు గడిచింది, మర్నాడూ గడిచింది. సువార్త పొద్దున్నే వచ్చి షెడ్డు మూల కుర్చీలో గన్నవరం దారి మ్యాపు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. రెండో రోజు మధ్యాహ్నం వాళ్ళమ్మ ఫోను చేస్తే, అవుతుందమ్మా, సారు చూస్తున్నారని చెప్పింది. ఆ మాట విన్నాక నాకు అన్నం సహించలేదు. అవుతుందని హామీ ఇచ్చినవాణ్ణి నేనే.

అందర్నీ పిలిచి అడిగాను. సాయంత్రానికీ పొద్దునకూ మధ్య ఎవరైనా విమానాన్ని ముట్టుకున్నారా అని. ఇన్‌స్ట్రక్టరు లేదన్నాడు. వెంకటేశ్వర్లు గారు ముక్కు మీద బొట్టు పెట్టానన్నారు. పంతులుగారు అక్షింతలు చల్లారు. కోటయ్య కూడా, మిషను నేను ముట్టుకోలేదండి అన్నాడు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. నిజానికి అప్పుడూ ఆడలేదు.

చివరికి సువార్త ఒక మాట అన్నది. సాయంత్రం గీతలన్నీ నిండుగా ఉన్నాయి కదా సార్, ఇప్పుడు సగానికి తక్కువున్నాయి, లోపం కింద వైర్లలోనో పెట్టెలోనో ఉంటే సాయంత్రం కూడా ఉండాలి కదా అని. నాకూ తెలియని సంగతేం కాదు. అయితే కొత్త యాంటెన్నా కాబట్టి, నా చేత్తో నేనే బిగించాను కాబట్టి, దాన్ని అన్నిటికన్నా చివర్లో పెట్టుకున్నాను. రెక్క పైనుండే విమానం కనక కింద నిలబడితే పైకప్పు కనపడదు. నిచ్చెన తెప్పించి ఎక్కాను.

నేను బిగించిన తెల్ల బిళ్ళ లేదు. దాని స్థానంలో ఎండకు తళతళ మెరిసే వెండి బిళ్ళ ఉంది. చుట్టూ ఎక్కడా ఒక్క చుక్క కారకుండా, అంచులు తీర్చి, రెండు పూతల రంగు వేశారు. దాని మీద ఉబ్బెత్తుగా ఇంగ్లీషులో రంగు వేయరాదని రాసి ఉంటుంది. ఆ అక్షరాలు కూడా వెండి రంగులో ముచ్చటగా మెరుస్తున్నాయి. మామూలు రంగయితే కొంత నయం. సిల్వర్ పెయింటులో ఉండేది అల్యూమినియం పొడి. ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతం అసలే బలహీనం. దానికి అడ్డంగా లోహపు పొర వేశారన్నమాట. నేల మీద ఏదో తంటాలు పడి అందుకునేది, గాల్లో విమానం పక్కకు ఒరిగేసరికి అదీ పోయేది.

నిచ్చెన మీద నుంచే, ఈ రంగు ఎవరు వేశారని అడిగాను. నా గొంతు కొంచెం పెద్దదే. కొట్టంలో ఎద్దు తలెత్తి చూసింది. కోటయ్య ఏమాత్రం తొణక్కుండా ముందుకొచ్చాడు.

"నేనేనండి. ఆ రెండు కొమ్ములకూ ఏటా నేనే వేస్తానండి. ఈసారి మీరు మూపురం కూడా పెట్టారు గదా, దానికీ వేశా. కొమ్ములకు రంగెయ్యకుండా ఏ ఎద్దునైనా పందానికి తోలతామా అండీ?"

ఆ కడ్డీల వెండి రంగు సంగతి అప్పుడు తెలిసింది. అవి లోపల లోహమే కాబట్టి, పైన ఎన్నేళ్ళుగా పూత పడుతున్నా రేడియో పలుకుతూనే ఉంది. ఎవరికీ ఏమీ తెలియలేదు. పూజ ముందురోజు సాయంత్రం నేను లాడ్జీకి వెళ్ళాక, ఎడ్ల కొమ్ములకు తెచ్చిన డబ్బాలో మిగిలిన రంగుతో ఆయన బండిని ముస్తాబు చేశాడు. మిషను ముట్టుకోలేదన్నది కూడా నిజమే. ఆయన లెక్కలో మిషను లోపల ఉంటుంది, ఇది అలంకరణ. యాంటెన్నాల జోలికి వెళ్ళొద్దని నేను చెప్పింది ఇద్దరు పెద్దమనుషులకు. అందులో ఎవరికీ నిచ్చెన ఎక్కే అలవాటు లేదు.

నేను నవ్వానో అరిచానో ఇప్పుడు సరిగా చెప్పలేను. రెండూ చేశానని సువార్త అంటుంది. ముందుగా తేరుకున్నది వెంకటేశ్వర్లు గారు. ఇంతేనా, ఇంత థిన్నరు పోసి గుడ్డతో తుడిచేస్తే పోదా, సాయంత్రానికి ఎగరొచ్చు కదా అన్నారు. నాకూ ఆ ఆశ కలగలేదని చెప్పను. మాన్యువల్ తీశాను. యాంటెన్నాకు రంగు పడితే ద్రావకాలతో తుడవకూడదు, గీకకూడదు, మార్చేయాలని రాసి ఉంది. థిన్నరు ఆ ప్లాస్టిక్కులోకి దిగితే కంటికి కనపడని పగుళ్ళు వస్తాయి. వానాకాలంలో వాటిగుండా నీళ్ళు దిగుతాయి. ఈ రోజు పని చేయొచ్చు, ఏ రోజు మానేస్తుందో చెప్పలేం.

వెంకటేశ్వర్లు గారు నచ్చచెప్పబోయారు. అమ్మాయి పరీక్షల గడువు సంగతి మీకూ తెలుసు కదా ఇంజనీరు గారూ, ఒక్క ప్రయాణానికి తుడిచి నడిపిద్దాం, కొత్తది తర్వాత తీరిగ్గా వేద్దామన్నారు. చెడ్డ మాట కాదు, ఆమె కోసమే అన్నారు. అందరం సువార్త వైపు చూశాం. ఆమె నిచ్చెన ఎక్కి ఆ వెండి బిళ్ళను చూసి దిగింది.

"వద్దండి. పైన నేనొక్కదాన్నే ఉండాలి గదా. కొత్తదే పెట్టించండి సార్, ఆలస్యమైతే అవనివ్వండి."

గడువు పోతే ఏమవుతుందో మా అందరికన్నా ఆమెకే బాగా తెలుసు. ఆ వయసులో నేనైతే ఆ మాట అనగలిగేవాణ్ణో లేదో. చాలా గర్వంగా అనిపించింది, ఎవరో పరాయి అమ్మాయి గురించి నాకెందుకు గర్వమో తెలియదు గాని.

అదే మోడలు యాంటెన్నా హైదరాబాదులో నా పాత సహోద్యోగి నారాయణ స్టోరులో ఒకటుంది. విమానం భాగానికి తయారీదారు ఇచ్చిన విడుదల పత్రం తోడుండాలి, అది లేకపోతే ఆ భాగం ఎంత కొత్తదైనా మాకు చెత్తతో సమానం. నారాయణ పత్రంతో సహా ప్యాక్ చేసి బస్సు పార్సిల్లో వేశాడు. జరిగింది ఫోనులో చెబితే, మూపురం అన్న దగ్గర ఆగిపోయి, ఎంతసేపటికీ నవ్వు ఆపలేకపోయాడు. ఇప్పటికీ నాకు ఫోను చేస్తే ముందు ఎద్దు బాగుందా అనే అడుగుతాడు.

పేటలో బస్టాండుకు వెళ్ళి పార్సిలు నేనే తెస్తానని కోటయ్య పట్టుబట్టాడు. అప్పటికే ఆయన ముఖం చూడలేకపోతున్నాం. అమ్మాయి పరీక్షకు తనవల్ల గండం వచ్చిందని ఎవరో చెప్పారు. రెండు పూటలు అన్నం ముట్టలేదట. మోటారుసైకిలు వెనక కూర్చుని, కొత్త తువ్వాల్లో చుట్టిన పెట్టెను పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్ళో పట్టుకుని వచ్చాడు.

నేను ఆయన్ని నిచ్చెన ఎక్కించాను. పాతది తీసి చేతికిచ్చాను, కొత్తది బిగిస్తూ చెప్పాను. కోటయ్యా, పైన చాలా దూరంలో ఉపగ్రహాలుంటాయి, అవి చెప్పేది ఇది వింటుంది, విని మనం ఎక్కడున్నామో పెట్టెకు చెబుతుంది. రంగు వేస్తే చెవిలో సీసం పోసినట్టే అన్నాను. ఆయన అడిగిన ప్రశ్నలు నన్ను ఏ డిపార్ట్‌మెంటు పరీక్షలోనూ ఎవరూ అడగలేదు. వాన పడితే వింటుందా, కాకి వాలితే వింటుందా, మంచు పట్టిన పొద్దున తుడవాలా వద్దా, తుడిస్తే దేనితో తుడవాలి. అన్నిటికీ జవాబు చెప్పాను. చివర్లో, మరి బండికి రంగు ఎక్కడ వెయ్యనండి, బోసిగా ఉంటే బాగుండదు కదా అని చిన్నబుచ్చుకున్నాడు. ఆలోచించి, విమానాన్ని బయటికి లాగే కడ్డీకి వేసుకోమన్నాను. అది విమానంతో పాటు ఎగరదు. మర్నాటికి ఆ కడ్డీ కొసలకు ఎర్ర కుచ్చులు కూడా వచ్చాయి.

ఈసారి గన్నవరం నుంచి అన్నీ అందుతున్నాయని కబురొచ్చింది. గుర్తింపు, ఎత్తు, స్థానం, ఒక్కటీ తప్పలేదు. పక్కకు ఒరిగినా పోలేదు. ఇన్‌స్ట్రక్టరు దిగి కాగితం మీద సంతకం చేశాడు, కింద నేను చేశాను.

సువార్త ప్రయాణానికి నెలాఖరు దగ్గరపడిన ఒక ఉదయం దొరికింది. మబ్బు లేదు, గాలి మా వైపు లేదు, ఎవరూ తుమ్మలేదు. వాళ్ళమ్మగారు స్కూలుకు సెలవు పెట్టి వచ్చారు. కళ్ళు మూసుకుని రెక్క అంచుకు చెయ్యి ఆనించి ప్రార్థన చేసుకున్నారు. వెంకటేశ్వర్లు గారు కూడా పళ్ళెంలో పసుపూ కుంకుమతో తయారయ్యారు. ముక్కుకు పెట్టాక, కొత్తది అదే కదా, దానికి కూడా ఒక బొట్టు పెడదాం, నిచ్చెన వెయ్యమన్నారు. కోటయ్య నిచ్చెనకు అడ్డంగా నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంట్లో పని చేస్తున్న మనిషి, యజమానికి ఎదురు చెప్పగా అక్కడెవరూ చూడలేదట.

"వద్దండి బాబుగారూ. దానికి ఆకాశం కనపడాలి."

వెంకటేశ్వర్లు గారు ఆయన్నీ, నన్నూ, పళ్ళేన్నీ మార్చి మార్చి చూసి, ఆ బొట్టు కోటయ్యకే పెట్టారు.

సువార్త బయల్దేరింది. ఫోనులో విమానాలను చూపే యాప్ ఒకటి తెరిచి వాళ్ళమ్మగారికి ఇచ్చాను. చిన్న పసుపు బొమ్మ గుంటూరు దాటి కృష్ణ మీదుగా కదిలింది. మధ్యలో కాసేపు పల్లెటూళ్ళ పైన బొమ్మ ఆగిపోతే ఆవిడ నా వైపు చూశారు. కింద వినే రిసీవర్లు తక్కువున్న చోటు అది, విమానం మాట్లాడుతూనే ఉందని చెప్పాను. మళ్ళీ కనిపించింది. గన్నవరంలో దిగి, సంతకాలు చేయించుకుని, మధ్యాహ్నానికి తిరిగొచ్చి మా రన్‌వే మీద దిగింది. తల్లీకూతుళ్ళు ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, దూరంగానే ఉన్నాను. గడువు లోపల కాగితాలు వెళ్ళాయి, లైసెన్సు వచ్చింది. ఇప్పుడామె పెద్ద విమానాల్లో కోపైలట్.

ఈ ఉదంతం తర్వాత నా పద్ధతిలో ఒక మార్పు చేసుకున్నాను. మిగిలిన సర్వీసంతా పాటించాను, కుర్ర ఇంజనీర్లకూ అదే చెప్పాను. సంతకం పెట్టే ముందు ఆ విమానం మీద చెయ్యి పడే ప్రతి మనిషినీ పిలవాలి. ఊడ్చేవాణ్ణీ, తుడిచేవాణ్ణీ, కాపలావాణ్ణీ కూడా. కొత్త భాగం చూపించి, అది ఏం పని చేస్తుందో వాళ్ళకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. ముట్టుకోవద్దని మాత్రమే చెబితే, ఎవరికి వాళ్ళు తమది ముట్టుకోవడం కాదనుకుంటారు. ఎందుకు ముట్టుకోకూడదో చెబితే, మనం లేనప్పుడు నిచ్చెనకు అడ్డం నిలబడతారు.